యంత్రం తప్పు చేస్తే ఎవరిని అడగాలి?

బళ్ళారి స్మార్ట్ సిటీ కాదు. 2015 జూన్ 25న కేంద్రం మొదలుపెట్టిన స్మార్ట్ సిటీస్ మిషన్‌లో వంద నగరాలకు చోటు దొరికింది. కర్ణాటక నుంచి బెంగళూరు, బెళగావి, దావణగెరె, హుబ్బళ్ళి-ధార్వాడ, మంగళూరు, శివమొగ్గ, తుమకూరు వెళ్ళాయి. ఆంధ్ర నుంచి విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి, తెలంగాణ నుంచి వరంగల్, కరీంనగర్ వెళ్ళాయి. 2025 మార్చి 31తో మిషన్ గడువు తీరింది. బళ్ళారికీ, సరిహద్దుకు ఆంధ్ర వైపున్న కర్నూలు, అనంతపురాలకూ ఆ పదేళ్ళలో పిలుపు రాలేదు.

అలాంటప్పుడు స్మార్ట్ సిటీల్లోని కృత్రిమ మేధ గురించి యువతరం ఏమనుకుంటోందన్న ప్రశ్నను బళ్ళారిలో వేయడమేమిటని అడగొచ్చు. వేయాల్సింది ఇక్కడేనని నా అభిప్రాయం. ఎందుకంటే బళ్ళారి పిల్లలకు ఏఐ ఒకే ముఖంతో కనబడదు. జేబులోని ఫోన్‌లో ఒక రకంగా కనబడుతుంది. ఉద్యోగం వెతుక్కుంటూ మూడొందల కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో బస్సు దిగాక, కూడలిలో కెమెరాగా మరో రకంగా కనబడుతుంది. సెలవుల్లో ఊరికి తిరిగొస్తే, అంగన్‌వాడీలో తల్లులకు పోషకాహారం ఇచ్చే ముందు ముఖం ఫోటో తీసే యాప్‌గా మూడో రకంగా ఎదురవుతుంది. ఒకే కుర్రవాడు, ఒకే అమ్మాయి ఈ మూడింటినీ చూస్తారు. మూడింటి పట్లా ఒకే అభిప్రాయం ఉండదు, ఉండాల్సిన పనీ లేదు.

ముందు ఫోన్ సంగతి. బళ్ళారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ మేనేజ్‌మెంట్‌లోనూ, రావ్ బహద్దూర్ వై. మహాబలేశ్వరప్ప ఇంజనీరింగ్ కాలేజీలోనూ ఇప్పుడు ఏఐ అనేది చదువుకునే బ్రాంచి. సీటు కోసం తల్లిదండ్రులు ఫీజు కట్టే సరుకు. అసైన్‌మెంటు రాసిపెట్టేది, వైవాకు ముందురోజు రాత్రి అర్థంకాని చాప్టరును విడమరిచి చెప్పేది, రెజ్యూమెలో ఇంగ్లీషు సరిదిద్దేది చాట్‌జీపీటీయో జెమినీయో. ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు లేని పిల్లలకు ఇది చిన్న సాయం కాదు. ట్యూషన్‌కు డబ్బుల్లేని ఇంట్లో అర్ధరాత్రి కూడా విసుక్కోకుండా జవాబిచ్చే గురువు దొరికితే ప్రేమ పుట్టకుండా ఎలా ఉంటుంది?

ఈ ప్రేమకు అంకెలూ ఉన్నాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం, కేపీఎంజీ సంస్థ కలిసి 47 దేశాల్లో 48 వేల మందికి పైగా జనాన్ని అడిగి 2025లో ఒక సర్వే ప్రకటించాయి. ఏఐని నమ్మడానికి సిద్ధమేనన్నవాళ్ళు సంపన్న దేశాల్లో నూటికి 39 మంది. వర్ధమాన దేశాల్లో 57 మంది. మన దేశంలో 76 మంది. దీన్ని చూసి మనవాళ్ళు ముందుచూపు గలవాళ్ళని మురిసిపోవచ్చు, అమాయకులని జాలిపడవచ్చు. రెండూ తొందరపాటే. నమ్మకం ఎంత ఉందో సర్వే చెబుతుంది. ఆ నమ్మకం దేనిమీద నిలబడిందో చెప్పదు.

దాన్ని తవ్వి చూసిన అధ్యయనం ఒకటుంది. 2022లో శివానీ కపానియా, నిత్యా సాంబశివన్, వారి సహచరులు మన దేశంలో 32 మందితో సుదీర్ఘంగా మాట్లాడి, 459 మందిని సర్వే చేసి ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ఏఐ నూటికి నూరుపాళ్ళు సరైనది, సురక్షితమైనది అనే అర్థం వచ్చే మాటే దాని శీర్షిక. జనం ఏఐకి ఒక పెద్దరికాన్ని కట్టబెడుతున్నారని వాళ్ళు గమనించారు. అది తప్పు చేసినా క్షమిస్తున్నారు, తప్పు తమదేనేమో అనుకుంటున్నారు. అంతకన్నా లోతైన సంగతి ఒకటి బయటపడింది. జనం యంత్రాన్ని పోల్చేది ఆదర్శంతో కాదు, తమకు తెలిసిన మనుషులతో. ఆఫీసుల్లో పేరు, కులం, చేతిలో సంచి చూసి మాట్లాడే గుమాస్తాలను చూసినవాళ్ళకు, ఇవేవీ పట్టించుకోదని పేరున్న యంత్రం న్యాయంగా కనబడుతుంది. తాలూకా ఆఫీసు మెట్లు ఎక్కినవాళ్ళకు ఈ మాట వివరించి చెప్పనక్కర్లేదు.

ఇక మనస్తత్వ శాస్త్రం వైపు. యంత్రం తప్పు చేయగా కళ్ళారా చూస్తే మనిషి ఏం చేస్తాడు? 2015లో అమెరికాలో బర్కిలీ డీట్‌వోర్స్ట్, జోసెఫ్ సిమన్స్, కేడ్ మాసీ అనే ముగ్గురు పరిశోధకులు దీన్ని ప్రయోగం చేసి చూశారు. ఎంబీఏ విద్యార్థుల్లో ఎవరు బాగా రాణిస్తారో అంచనా వేయాలి. అంచనా వేసే గణిత నమూనా ఒకవైపు, మనిషి ఒకవైపు. మొత్తమ్మీద నమూనాయే మనిషికన్నా బాగా అంచనా వేసింది. అయినా అది తప్పటం చూసినవాళ్ళలో చాలామంది దాన్ని వదిలేసి, ఎక్కువ తప్పులు చేసే మనిషివైపే మొగ్గారు. మనిషి తప్పును ఓర్చుకున్నంతగా యంత్రం తప్పును ఓర్చుకోలేదు. దీనికి వాళ్ళు అల్గారిథం విముఖత అని పేరు పెట్టారు.

అదే ముగ్గురు 2018లో ఇంకో ప్రయోగం ప్రకటించారు. నాకు ఇదే అసలైనదనిపిస్తుంది. ఈసారి, యంత్రం ఇచ్చిన అంకెను కొంచెం అటూ ఇటూ జరుపుకోవచ్చని పాల్గొన్నవాళ్ళకు చెప్పారు. కొందరికి పది పాయింట్లు, కొందరికి ఐదు, కొందరికి కేవలం రెండు. రెండు పాయింట్లతో ఒరిగేదేమీ లేదు. అయినా జనం నమూనాను వాడుకోవడానికి ముందుకొచ్చారు. ఎన్ని పాయింట్లు జరపనిచ్చారన్నదానితో పెద్దగా తేడా రాలేదు. తమ చెయ్యి పడే చోటు కాస్తయినా ఉందన్నదే వాళ్ళకు సరిపోయింది.

మన విషయానికి ఇదే తాళంచెవి. ఫోన్‌లోని ఏఐ తప్పు చెబితే, మళ్ళీ అడుగుతాం, తిడతాం, మూసేసి గూగుల్ తెరుస్తాం. అక్కడ మన చెయ్యి పడుతుంది. కూడలిలోని ఏఐ తప్పు చేస్తే? అంగన్‌వాడీలోని యాప్ తప్పు చేస్తే?

కూడలి దగ్గరికి వద్దాం. వంద స్మార్ట్ సిటీల్లోనూ సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రాలు వెలిశాయి. గోడంతా తెరలు, వాటిమీద నగరం. చెత్త లారీలు, వీధి దీపాలు, నీటి పంపులు, ట్రాఫిక్ కెమెరాలు అన్నీ అక్కడికే చేరతాయి. ఇందులో కృత్రిమ మేధ అని నిజంగా పిలవదగ్గది కొంచెమే, మిగతాదంతా సెన్సర్లు, పట్టికలు, తెరలు. టెండరు కాగితంలో ఏఐ అన్న రెండక్షరాలు పడితే ప్రాజెక్టుకు గ్లామరు వస్తుంది కాబట్టి ఆ పదాన్ని చల్లడంలో ఎవరూ పిసినారితనం చూపలేదు.

నిజమైన ఏఐ ఉన్నచోట అది చేసే పని ఏమిటో చూద్దాం. పాతకాలపు ట్రాఫిక్ సిగ్నల్‌కు గడియారం తప్ప కళ్ళు లేవు. మనిషి ఉన్నా లేకపోయినా తొంభై సెకన్లు ఎర్రగానే ఉంటుంది. అడాప్టివ్ సిగ్నల్ అలా కాదు. కెమెరా ప్రతి దారిలో ఎన్ని వాహనాలు నిలబడ్డాయో లెక్కిస్తుంది, ఆ లెక్కను బట్టి పచ్చదీపం ఎంతసేపుండాలో ప్రతి విడతకూ మారుతుంది, పక్క కూడలికి కూడా కబురు అందుతుంది. బెంగళూరులో సీడాక్ పరిజ్ఞానంతో ఇలాంటివి పెట్టారు. మన రోడ్లమీద ఇది తేలిక పని కాదు. గీతల మధ్య నడిచే కార్లను లెక్కపెట్టడానికి తయారైన నమూనా, ఆటోకూ కారుకూ మధ్య సందులో దూరిన మూడు బైకులను, పక్కనే నింపాదిగా నిలబడ్డ ఆవును చూసి తికమకపడుతుంది. ఇక్కడి దృశ్యాలతో దానికి మళ్ళీ చదువు చెప్పాలి. బళ్ళారి రాయల్ సర్కిల్‌లో సాయంత్రం ఆరు గంటలకు తీసిన వీడియో అలాంటి చదువుకు మంచి పాఠ్యపుస్తకం అవుతుంది.

ఇలాంటి సిగ్నళ్ళమీద ఏ కుర్రకారుకూ అభ్యంతరం ఉండదు. పేచీ వచ్చేది కెమెరా వాహనాలను లెక్కపెట్టడం మానేసి మనుషులను గుర్తుపట్టడం మొదలుపెట్టినప్పుడు. 2022 డిసెంబరులో బెంగళూరులో 50 కూడళ్ళలో 250 నంబరు ప్లేటు కెమెరాలు, ఎర్రదీపం దాటినవాళ్ళను పట్టే 80 కెమెరాలు పెట్టారు. చలాను ఫోన్‌కే వస్తుంది. సేఫ్ సిటీ ప్రాజెక్టు కింద మరో 7 వేలకు పైగా కెమెరాలు అమర్చారు, వాటిలో ముఖాలను పోల్చేవీ ఉన్నాయి. మహిళల భద్రత కోసమని చెప్పారు. ఆ మాట ఉత్తిదే అనలేం. రాత్రి షిఫ్టు ముగించుకుని పీజీ హాస్టల్‌కు నడిచే బళ్ళారి అమ్మాయికి వీధిచివర కెమెరా ధైర్యాన్నిస్తే అది నిజమైన ధైర్యమే. అయితే 2021 జనవరిలో లక్నో పోలీసులు, ఆడవాళ్ళ ముఖ కవళికలు చూసి వాళ్ళు ఆపదలో ఉన్నారో లేదో కెమెరాయే పసిగడుతుందని ప్రకటించారు. దేశవ్యాప్తంగా విమర్శలొచ్చాయి. పరీక్ష పాడుచేసుకుని మొహం వేలాడేసుకున్న అమ్మాయి దగ్గరికి పోలీసు జీపు రావడం భద్రత ఎలా అవుతుంది? ముఖంలో భావాన్ని బట్టి మనసులో ఏముందో కచ్చితంగా చెప్పగల శాస్త్రం ఇంకా పుట్టలేదు.

బళ్ళారిలో కోట గుట్ట కాకుండా ఇంకో గుట్ట ఉంది, కుంబార గుడ్డ. ఆగ్నేయం నుంచి చూస్తే మనిషి ముఖంలా కనబడుతుందని దానికి ఫేస్ హిల్ అన్న పేరు కూడా వచ్చింది. రాతిలో ముఖం చూడటం మన మెదడు స్వభావం. లేని ముఖాన్ని చూసినా నష్టం లేదు, ఉన్న ముఖాన్ని చూడకపోతే ప్రమాదం. అందుకే పరిణామక్రమంలో మన చూపు అలా తయారైందంటారు.

యంత్రం పద్ధతి వేరు. ఫోటోలో ముఖం ఉన్న చోటును కత్తిరించి, దాన్ని కొన్ని వందల అంకెల వరసగా మారుస్తుంది. రెండు ఫోటోల అంకెల వరసలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కకడుతుంది. ఎంత దగ్గరైతే ఒకే మనిషి అనాలి? ఆ గీత ఎక్కడ గీయాలో యంత్రం నిర్ణయించదు, దాన్ని నడిపేవాళ్ళు నిర్ణయిస్తారు. గీతను సడలిస్తే అమాయకులు దొరుకుతారు, బిగిస్తే దొంగలు తప్పించుకుంటారు. 80 శాతం పోలిక దాటితే సరిపోయినట్టే లెక్కిస్తామని ఢిల్లీ పోలీసులు 2022లో ఒక సమాచార హక్కు అర్జీకి జవాబిచ్చారు. 80 ఎందుకు, 90 ఎందుకు కాదన్నది సాంకేతిక ప్రశ్నలా కనబడుతుంది గానీ, ఎవరి కష్టానికి ఎంత విలువ ఇస్తున్నామన్న ప్రశ్న అది.

ఇంకో తేడా తెలుసుకోవాలి. విమానాశ్రయ ప్రవేశద్వారం దగ్గర డిజియాత్ర యాప్ మీ ముఖాన్ని మీ ఒక్కరి ఫోటోతోనే పోలుస్తుంది. ఒకరికి ఒకరు. వీధి కెమెరా మీ ముఖాన్ని జాబితాలో ఉన్న అందరితోనూ పోలుస్తుంది. ఒకరికి వందలమంది, వేలమంది. రెండూ ముఖాలు గుర్తించడమే గానీ, రెండోదానిలో తప్పు జరిగే అవకాశం జాబితాతో పాటు పెరుగుతుంది. ఒక లెక్క వేద్దాం. ఒక కూడలిలో రోజుకు లక్షమంది నడుస్తారనుకోండి. యంత్రం వెయ్యికి ఒక్కసారే పొరబడుతుందనుకోండి. వినడానికి గొప్ప యంత్రమే. అయినా రోజుకు వందమంది అమాయకుల మీద ఎర్రగంట మోగుతుంది. ఆ లక్షమందిలో నిజంగా వెతుకుతున్న మనిషి ఒక్కడుంటే, 101 గంటల్లో 100 అబద్ధం. ఈ లెక్కకు కంప్యూటర్ సైన్స్ అక్కర్లేదు, పీయూసీలో చదివిన సంభావ్యత చాలు.

పొరపాట్ల భారం అందరిమీదా సమానంగా పడదు కూడా. 2018లో జాయ్ బులామ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి మహిళా పరిశోధకులు, ముఖం చూసి ఆడా మగా చెప్పే వాణిజ్య వ్యవస్థలను పరీక్షించారు. తెల్లని మగవాళ్ళ విషయంలో పొరపాటు 0.8 శాతానికి మించలేదు. ముదురు రంగు స్త్రీల విషయంలో ఒక వ్యవస్థ 34.7 శాతం పొరబడింది. తరవాత కంపెనీలు దిద్దుకున్నాయి. కానీ పరీక్షించేవాళ్ళు లేకపోయుంటే దిద్దుకునేవాళ్ళా? రాయలసీమ, బళ్ళారి ఎండకు కాగిన ముఖాలతో ఈ యంత్రాలను ఎవరు పరీక్షించారో అడిగి తెలుసుకోవాలి.

హైదరాబాదులో ఒకాయన ఇలా అడగడాన్ని కోర్టు దాకా తీసుకెళ్ళారు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను 2021 మేలో లాక్‌డౌన్ రోజుల్లో పోలీసులు ఆపి, మాస్కు తీయమని చెప్పి, ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఏమవుతుందో చెప్పమని ఆయన అడిగారు. జవాబు రాకపోవడంతో ముఖ గుర్తింపు వాడకానికి చట్టం ఆధారమేదని ప్రశ్నిస్తూ తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

వీధి కెమెరా కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది కంటికి కనబడని యంత్రం. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. రేషన్, పింఛను, ఇల్లు, వాహనం, కరెంటు, భూమి ఇలా వేర్వేరు శాఖల జాబితాలను కలిపి, ఫలానా మనిషి ఎవరో, అతనికి ఏమేం ఉన్నాయో తేలుస్తుంది. కారున్నవాడికి రేషన్ కార్డు ఎందుకన్నది దాని తర్కం. 2014, 2019 మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయని, చాలామందికి నోటీసు కూడా అందలేదని 2024లో అల్ జజీరా పరిశోధన కథనం రాసింది. ఒక వితంతువు భర్త పేరుకు దగ్గరగా ఉన్న పేరుతో మరెవరికో కారుంది. ఆ కారు ఈమె ఖాతాలో పడి, బియ్యం ఆగిపోయాయి. కార్డుల రద్దుమీద కూడా మసూదే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు, కంప్యూటర్ కొట్టేసిన కార్డులన్నింటినీ మనుషులు వెళ్ళి మళ్ళీ పరిశీలించాలని ఆదేశించింది. మళ్ళీ చూసినవాటిలో కనీసం ఏడున్నర శాతం తప్పుగా రద్దయినవేనని ఆ కథనం లెక్క తేల్చింది.

ఇది బళ్ళారికి ఎందుకు పట్టాలి? సరిహద్దు జిల్లాలో మనుషుల పేర్లు ఎలా రాస్తారో గమనించండి. చేళ్ళగురికి ఎర్రితాత అనే సాధువు పేరు పెట్టుకున్నవాళ్ళు ఇక్కడ ఇంటింటికీ ఉంటారు. ఎర్రిస్వామి అని ఒకే మనిషి. ఇంటివాళ్ళు తెలుగులో పిలుస్తారు, బడిలో కన్నడలో రాస్తారు, ఆధార్‌లో ఇంగ్లీషులోకి ఎక్కుతుంది. ఒక కాగితంలో 'ఈ' తో మొదలై ఒకే 'ఆర్' ఉంటుంది. ఇంకో కాగితంలో ముందు 'వై' వచ్చి చేరి, రెండు 'ఆర్'లు అవుతాయి. తేడా రెండు అక్షరాలు. రెండు పేర్ల మధ్య ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసేయాలో, మార్చాలో లెక్కించే పద్ధతిని 1965లో వ్లాదిమీర్ లెవెన్‌స్టీన్ అనే రష్యన్ గణితవేత్త చెప్పాడు. పేర్లను జతకూర్చే వ్యవస్థలు ఇలాంటి కొలతల మీదే ఆధారపడతాయి. ఇప్పుడు రామన్న, రామప్పలను అదే పద్ధతిలో కొలవండి. రెండు 'ఎన్'ల చోట రెండు 'పీ'లు. తేడా అదే రెండు అక్షరాలు. ఒక జత ఒకే మనిషి, ఇంకో జత ఇద్దరు మనుషులు. కొలతకు రెండూ ఒకటే. పుట్టినతేదీ, తండ్రి పేరు, చిరునామా కూడా చూస్తే పొరపాటు తగ్గుతుంది గానీ, మన పెద్దవాళ్ళలో చాలామంది పుట్టినతేదీ జూన్ 1 గానో జనవరి 1 గానో ఎలా మారిందో బడి పంతుళ్ళకు తెలుసు.

ఊళ్ళోకి ఈ యంత్రాలు ఇప్పటికే వచ్చేశాయి. ఉపాధి హామీ పనికి యాప్‌లో ఫోటో హాజరు 2023 జనవరి 1 నుంచి దేశమంతటా తప్పనిసరి చేశారు. అంగన్‌వాడీల్లో ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖ గుర్తింపు 2025 జులై 1 నుంచి తప్పనిసరైంది. కాలేజీలో ఏఐ ప్రాజెక్టు చేస్తున్న కుర్రవాడు పండక్కి ఇంటికొస్తే, ముఖం సరిపోలేదని వదినను వెనక్కి పంపారన్న సంగతి వినవచ్చు. అప్పుడతనికి కలిగే అభిప్రాయాన్ని ఏ సర్వే పట్టుకుంటుంది? అతను ఏఐకి అనుకూలుడా, వ్యతిరేకుడా? ఉదయం అనుకూలుడు, సాయంత్రం వ్యతిరేకుడు. రెండూ నిజాయితీ గల అభిప్రాయాలే.

ఇక్కడ బళ్ళారి చరిత్ర ఇంకో పాఠం చెబుతుంది. యంత్రాల నిఘా వల్ల మేలు జరిగిన జిల్లా కూడా ఇదే. 2011 జులై చివర లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే అక్రమ గనుల మీద నివేదిక ఇచ్చారు. రెండు రోజులకే బళ్ళారిలో ఇనుప ఖనిజం తవ్వకాన్ని సుప్రీంకోర్టు ఆపించింది. ఆ తరవాత ఏ గని ఎంత గీత దాటిందో ఉపగ్రహ చిత్రాలతో, క్షేత్ర సర్వేలతో తేల్చి, గనులను ఎ, బి, సి అని మూడు వర్గాలు చేశారు. సి వర్గం లీజులు రద్దయ్యాయి. ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు మీదున్న కొన్ని గనుల సంగతి, సరిహద్దు ఎక్కడుందో తేలక పెండింగులో పడింది. గుట్టమీది హద్దురాయి మాయమైన చోట ఆకాశం నుంచి తీసిన బొమ్మ సాక్ష్యమైంది. ఖనిజం లారీలకు జీపీఎస్ వచ్చింది. ఎర్రధూళి మింగుతూ పెరిగిన తరానికి ఈ నిఘా మీద కోపం రాలేదు. నిఘా పెట్టింది ఎవరిమీద అన్నది అసలు సంగతి. లక్షల టన్నులు తరలించేవాళ్ళ మీద పెట్టినప్పుడు దాన్ని న్యాయం అన్నారు. కొద్ది కిలోల పోషకాహారం తీసుకునే తల్లిమీద పెట్టినప్పుడు ఆ మాట అనడానికి నోరు రాదు.

భాష సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రేపటి నగరం మనతో మాట్లాడబోతోంది. ఆంధ్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మనమిత్ర పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. కర్ణాటక వైపు సేవలు కన్నడలో ఉంటాయి, ఉండాలి కూడా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. గీత మారింది గానీ మాట మారలేదు. తెలుగు నాటక నటుడు బళ్ళారి రాఘవ ఊరు ఇది. ఇక్కడి జనం ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి కన్నడలో ముగిస్తారు, మధ్యలో ఉర్దూ మాట ఒకటి వేస్తారు. మాటను అక్షరాల్లోకి మార్చే యంత్రాలకు ఇది పెద్ద పరీక్ష. వాటిలో చాలా భాగం ముందు భాష ఏమిటో తేల్చుకుని, ఆ భాష పదాల్లోనే వెతుకుతాయి.

దీనికి దారి చూపిన పని ఒకటి జరిగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, గూగుల్ సాయంతో 2022లో వాణి అనే ప్రాజెక్టు చేపట్టింది. దేశంలోని 773 జిల్లాల నుంచి పదిలక్షల మంది గొంతులు, లక్షన్నర గంటల మాటలు సేకరించాలన్నది లక్ష్యం. ఇందులో నాకు నచ్చింది పద్ధతి. రాష్ట్రాన్ని బట్టి భాషను ముందే నిర్ణయించలేదు. జిల్లాకు వెళ్ళి, ఒక బొమ్మ చూపించి, మీకు తోచినట్టు చెప్పండన్నారు. జనం ఏ భాషలో చెబితే అదే రికార్డు. మొదటి విడత 80 జిల్లాల్లో బళ్ళారీ ఉంది, అనంతపురమూ ఉంది. తెలుగులో ఇలాంటిదే ఇంకో పని స్వేచ్ఛ సంస్థ చేసింది. వేలమంది ఇంజనీరింగ్ విద్యార్థుల చేత తెలుగు కథల పాఠాన్ని పోగుచేయించి, చందమామ కథల పేరుతో చిన్న భాషా నమూనా తయారుచేసింది. ఏఐని వాడుకునే కుర్రకారు, ఏఐకి భయపడే కుర్రకారు అని రెండు రకాలుగానే లెక్కేసేవాళ్ళు ఈ మూడోరకాన్ని మరిచిపోతారు. చేతులతో తయారుచేసినవాళ్ళకు అది ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. భక్తీ తగ్గుతుంది, భయమూ తగ్గుతుంది.

ఉద్యోగాల భయం మాట ఎత్తకుండా ఉండలేం గానీ, దాని గురించి రోజూ అందరూ రాస్తున్నారు. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు తగ్గితే పిల్లలు ఏఐని తిడతారు, అదే ఏఐ బ్రాంచిలో సీటుకు పోటీపడతారు. దీన్ని వైరుధ్యం అనడం అన్యాయం. బతుకుదెరువు వెతుక్కునేవాళ్ళు రెండు దారులూ తెరిచి పెట్టుకుంటారు.

చట్టం వైపు చూస్తే, గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసినాయన కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. కేసు వేసేనాటికి ఆయన వయసు 86. యువతరానికి డిజిటల్ హక్కు సంపాదించిపెట్టింది ఒక ముసలాయన. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ, అందులో ప్రభుత్వానికి మినహాయింపులు ధారాళంగా ఉన్నాయి.

అందుకే నగరంలోని ఏఐ మీద మన పిల్లల అభిప్రాయం ఏమిటని అడిగే ముందు, ఆ అభిప్రాయం ఎవరైనా వింటారా అన్నది తేల్చాలి. 2018 ప్రయోగంలో రెండు పాయింట్ల సర్దుబాటుకే మనుషుల నమ్మకం నిలబడింది. తప్పుగా వచ్చిన చలానును సవాలు చేసే చోటు, రద్దయిన కార్డుకు కారణం రాసిచ్చే గుమాస్తా, ముఖం సరిపోకపోయినా పొట్లం ఇచ్చే అధికారం ఉన్న అంగన్‌వాడీ టీచరు, ఇవే మన రెండు పాయింట్లు. ఇవి లేకుండా పెట్టిన యంత్రం ఎంత తెలివైనదైనా నాకు సమ్మతం కాదు.

బళ్ళారి స్మార్ట్ సిటీ కాకపోవడంలో ఒక లాభముంది. పెద్ద నగరాల్లో కెమెరాలు పెట్టాక ప్రశ్నలు మొదలయ్యాయి. ఇక్కడ అవి విస్తరించకముందే అడగొచ్చు. ఢిల్లీలో ఆ 80 శాతం అంకె బయటికొచ్చింది ఒక అర్జీ వల్లే. ఫైనలియర్ ప్రాజెక్టుకు అంశం దొరకలేదనే విద్యార్థులు మహానగర పాలికెకూ, జిల్లా పోలీసు కార్యాలయానికీ సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు రాయవచ్చు: ఏ యంత్రాలు వాడుతున్నారు, అవి ఎంతవరకు సరైనవో ఎవరు పరీక్షించారు, తప్పు జరిగితే ఎన్నిరోజుల్లో ఎవరు సరిదిద్దుతారు? అర్జీ కన్నడలో రాయవచ్చు. రుసుము 10 రూపాయలు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి.